టర్బో పాఠాలు – 5: పాత టర్బోను గుర్తుపట్టడం, అది మన ఇంజిన్‌కు సరిపోతుందో తేల్చుకోవడం

టర్బోలో ఒకే షాఫ్ట్‌కు రెండు చక్రాలు: ఎగ్జాస్ట్ పొగ టర్బైన్ చక్రాన్ని తిప్పితే, రెండో కొసనున్న కంప్రెసర్ చక్రం ఇంజిన్‌లోకి గాలిని నొక్కుతుంది. ఆ కంప్రెసర్ ఎంత గాలిని, ఎన్ని రెట్లు నొక్కాలో (ప్రెషర్ రేషియో) కట్టి పంపమని నాలుగో పాఠంలో ఇచ్చిన గాలి లెక్క చాలామందికి తిరగబడింది. ఈసారి నేరుగా టర్బో గుర్తింపులోకి వెళ్లాల్సింది, కానీ ఆ లెక్క సరిచేయకుండా ముందుకు పోతే చేతిలో ఎంత మంచి టర్బో ఉన్నా తప్పు ఇంజిన్‌కు బిగించేస్తారు. ముందు అదే చూద్దాం.

ఇంజిన్ నాలుగో పాఠంలోదే, మారలేదు. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్, పిస్టన్లు మార్చి కంప్రెషన్ 9:1కి దించినది. గేజి మీద బూస్ట్ 0.6 బార్. గరిష్ఠం 6000 ఆర్‌పీఎం, అక్కడ సిలిండర్ నిండే శాతం 90. ఊరు అనంతపురం, మే నెల మధ్యాహ్నం, నీడలో 42 డిగ్రీలు.

ఆర్‌పీఎంను రెండుతో భాగించడం మరిచిపోయినవాళ్లకు ఒక్క మాట: ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది. 1.2 లీటర్లు × 3000 × 0.9 = నిమిషానికి 3240 లీటర్లు, అంటే 3.24 ఘనపు మీటర్లు.

అసలు గొడవ ప్రెషర్ రేషియో దగ్గర వచ్చింది. కొందరు 0.6 అని రాశారు, ఎక్కువమంది 1.6 అని రాశారు. 0.6 అంటే కంప్రెసర్ గాలిని పలచబరుస్తోందని అర్థం, కాబట్టి ఆ తప్పు చూడగానే దొరికిపోతుంది. 1.6 అలా దొరకదు, చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. బూస్ట్ గేజి చూపేది బయటి గాలి పీడనం కంటే ఎంత ఎక్కువుందో అంతే. అది కూడా ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచేది) దాటాక మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) చూపేది. కంప్రెసర్‌కు ఆ లెక్క పట్టదు. గాలి లోపలికొచ్చే చోట పీడనం ఎంత ఉంది, నొక్కి బయటికి పంపాక ఎంత ఉంది, ఈ రెండే దానికి కావాలి. అనంతపురంలో బయటి పీడనం సుమారు 0.97 బార్. బూస్ట్ 0.60. ఇంటర్‌కూలర్‌లో, పైపుల్లో పోయేది 0.10 వేసుకోండి. పైన మొత్తం 1.67. కింద 0.97లోంచి ఎయిర్ ఫిల్టర్ తినేది 0.03 తీసేస్తే 0.94. 1.67ను 0.94తో భాగిస్తే 1.78. బేతంచెర్ల వైపు బండల ఫ్యాక్టరీల దుమ్ములో తిరిగే బండికైతే ఫిల్టర్ మూసుకుపోయి ఆ 0.03 కాస్తా 0.06 అవుతుంది, రేషియో 1.84కు ఎక్కుతుంది. గేజి మీద బూస్ట్ మాత్రం అదే 0.6. టర్బో ఎక్కువ కష్టపడుతున్న సంగతి గేజి చెప్పదు.

బయటి పీడనం ఎక్కడ చూశారో కొందరు రాశారు కాబట్టి ఇదీ చెప్పాలి. ఫోన్‌లో వాతావరణం యాప్ అనంతపురానికి 1005 మిల్లీబార్ (1.005 బార్) దగ్గర అంకె చూపిస్తుంది. అది సముద్ర మట్టానికి సవరించిన అంకె. అనంతపురం దాదాపు 335 మీటర్ల ఎత్తులో ఉంది, కర్నూలు 270కి కాస్త పైన, కడప 140లోపు. సముద్ర మట్టం దగ్గర ప్రామాణిక పీడనం 1.013 బార్, అక్కడి నుంచి వంద మీటర్లకు సుమారు 0.012 బార్ తగ్గుతుంది. అందుకే అనంతపురానికి 0.97, కర్నూలుకు 0.98, కడపకు 1.00 వేసుకోమన్నాను. నా దారి ఇంకా సులువు: స్కానర్ పెట్టండి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి, మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో పీడనం కొలిచేది) రీడింగ్ చూడండి. 97 కిలోపాస్కల్ అని చూపిస్తే అదే మీ ఊరి పీడనం. యాప్ జోలికి పోనక్కర్లేదు.

ఇక వేడి. కంప్రెసర్ గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఎంత అన్నదానికి సూత్రం: లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతను కెల్విన్‌లో తీసుకుని, (రేషియో ఘాతం 0.283) – 1తో గుణించి, కంప్రెసర్ ఎఫిషియెన్సీతో భాగించాలి. 42 డిగ్రీలంటే 315 కెల్విన్. 1.78 ఘాతం 0.283 అంటే 1.177. ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుందాం. 315 × 0.177 ÷ 0.70 = సుమారు 80. అంటే కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి 122 డిగ్రీలు. రేషియో 1.6 అని వేసుకున్నవాళ్లకు ఇదే 106 వస్తుంది. ఆ 16 డిగ్రీల తేడా నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తాను అంటుకుని కొట్టుకోవడం) రూపంలో బయటపడుతుంది. 70 శాతం పనిచేసే ఇంటర్‌కూలర్ ఆ పెరిగిన 80లో 56 తగ్గిస్తుంది. మానిఫోల్డ్‌లో 66 డిగ్రీలు, అంటే 339 కెల్విన్.

సాంద్రత = పీడనం ÷ (287 × కెల్విన్). మానిఫోల్డ్ పీడనం 1.57 బార్, అంటే 1,57,000 పాస్కల్. 287 × 339తో భాగిస్తే 1.61. దాన్ని 3.24తో గుణిస్తే నిమిషానికి 5.2 కిలోల గాలి, పౌండ్లలో 11.5. పౌండుకు 10 హెచ్‌పీ అన్న మోటు లెక్కన క్రాంక్ దగ్గర 115. అదే ఇంజిన్‌కు, అదే బూస్ట్‌కు బయట 25 డిగ్రీలుంటే 12 పౌండ్లు దాటుతుంది. సంక్రాంతికి ట్యూన్ చేసిన బండి మే నెలలో ఎందుకు చచ్చుబడిందని అడిగినవాళ్లకు జవాబు ఈ తేడాలోనే ఉంది.

ఇప్పుడు టర్బో దగ్గరికి వద్దాం.

పాత టర్బో చేతికొస్తే ముందు కంప్రెసర్ హౌసింగ్ మీద చిన్న అల్యూమినియం ప్లేటు వెతకండి. కొన్నిటికి ప్లేటు ఉండదు, నంబర్ హౌసింగ్ మీదే చెక్కి ఉంటుంది. గారెట్ అయితే ఆరంకెలు, గీత, తర్వాత మరో భాగం. రెండూ రాసుకోండి. బోర్గ్‌వార్నర్ కేకేకే రకాలకు 5303తో మొదలైతే కే03, 5304 అయితే కే04, 5435 అయితే కేపీ35. మధ్యలో 970 లేదా 988 ఉంటే పూర్తి టర్బో, 710 ఉంటే కోర్ (షాఫ్ట్, చక్రాలు, బేరింగులు ఉండే మధ్య భాగం) మాత్రమే. మిత్సుబిషీకి 49తో మొదలయ్యే ఐదంకెలు, గీత, ఇంకో ఐదంకెలు: 49173 అంటే టీడీ025, 49377 అంటే టీడీ04. ఐహెచ్‌ఐకి ఆర్‌హెచ్‌ఎఫ్3, ఆర్‌హెచ్‌ఎఫ్4 లాంటి పేర్లు.

ఇక్కడొక ఉచ్చు ఉంది. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ అందులోనే పడుతున్నారు, కాబట్టి విడమరిచి చెబుతాను. హౌసింగ్ మీద ఉబ్బెత్తుగా పోతపోసిన అంకెలు ఉంటాయి. అవి టర్బో నంబర్ కాదు, పోత అచ్చు నంబర్. ఒకే అచ్చులో పోసిన హౌసింగ్‌ను ఒక మోడల్‌కు చిన్న చక్రం పట్టేలా, ఇంకో మోడల్‌కు పెద్ద చక్రం పట్టేలా లోపల కోస్తారు. బయట అంకె అదే ఉంటుంది. ఆ అంకె పట్టుకుని "అన్నా, దీనికి కోర్ ఉందా?" అని ఫోన్ చేస్తే ఉందనే అంటారు. వచ్చిన కోర్ మాత్రం హౌసింగ్‌లో దూరదు, లేదంటే చక్రం అంచుకూ గోడకూ మధ్య మిల్లీమీటరు ఖాళీతో కూర్చుంటుంది. రెండోది ఇంకా చెడ్డది, ఎందుకంటే బిగుసుకుంటుంది, తిరుగుతుంది, ఈల కూడా వేస్తుంది, బూస్ట్ మాత్రం ఎక్కదు. వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా పొగను పక్కకు వదిలే తలుపు) మార్చి, పైపులు మార్చి, వారం పోయాక గానీ అసలు సంగతి తెలియదు. ఎగ్జాస్ట్ హౌసింగ్ మీద అంకెలూ అంతే. అక్కడ పొగ దారి సైజు చెప్పే అంకె, ఏ/ఆర్ .43 అనో, .64 అనో, మిత్సుబిషీ అయితే 6 అనో (అది చదరపు సెంటీమీటర్లు) విడిగా ఉంటుంది. దాన్నీ అచ్చు నంబర్‌నూ కలిపి చదవకండి. ప్లేటును కూడా గుడ్డిగా నమ్మొద్దు. ప్లేటు ఉండేది కంప్రెసర్ హౌసింగ్ మీద. రిపేరులో కోర్ మారిపోయి ఉంటే ప్లేటు చెప్పేది పాత చక్రం గురించి.

కాబట్టి విప్పి కొలవాలి. విప్పే ముందు హౌసింగ్‌లూ కోరూ కలిసే చోట సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టుకోండి. ఎగ్జాస్ట్ వైపు బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. వేడికి కాగి కాగి బిగుసుకున్న బోల్టును ఎండుగా తిప్పితే తలే తెగిపోతుంది. విప్పిన కోర్‌ను చక్రం ఆనేలా బల్ల మీద బోర్లించొద్దు, అల్యూమినియం రెక్క వంగుతుంది.

కంప్రెసర్ చక్రానికి ముందువైపు ఎదురెదురు రెక్కల కొసల మధ్య కొలత ఇండ్యూసర్. వెనక పెద్ద అంచు కొలత ఎక్స్‌డ్యూసర్. వెర్నియర్‌తో చక్రాన్నే కొలవాలి. హౌసింగ్ నోటిని కొలిస్తే పైపు సైజు తెలుస్తుంది తప్ప చక్రం తెలియదు. టర్బైన్ చక్రానికి పేర్లు తారుమారు: అక్కడ పెద్దది ఇండ్యూసర్, చిన్నది ఎక్స్‌డ్యూసర్. ఇండ్యూసర్‌ను ఎక్స్‌డ్యూసర్‌తో భాగించి, వర్గం చేసి, 100తో గుణిస్తే ట్రిమ్. 29, 41 మి.మీ. వస్తే ట్రిమ్ 50. గారెట్ పాత పేర్లలో చివరి రెండంకెలు ఎక్స్‌డ్యూసర్‌ను సూచిస్తాయి: జీటీ1241లో 41, జీటీ1544లో 44. జీ25-550 లాంటి కొత్త పేర్లలో చివరిది హెచ్‌పీ అంకె, మిల్లీమీటర్లు కాదు.

కొలుస్తూనే రెక్కల ముందు అంచును గోటితో తడమండి. కొత్త అంచు కత్తిలా సూటిగా తగులుతుంది. మన సీమ దుమ్ములో ఫిల్టర్ లేకుండానో, చిరిగిన హోస్‌తోనో తిరిగినదైతే ఆ అంచు ఇసుక కాగితంతో రుద్దినట్టు గుండ్రంగా, గరుకుగా ఉంటుంది, కొసలు లోపలికి అరిగి ఉంటాయి. అలాంటిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఆ అరిగిన చక్రానికి కంపెనీ ఇచ్చే కంప్రెసర్ మ్యాప్ (ఎంత గాలికి, ఏ రేషియోకు ఎలా పనిచేస్తుందో చూపే గ్రాఫ్) వర్తించదు. షాఫ్ట్‌ను పక్కలకు ఊపితే జర్నల్ బేరింగ్‌లో (ఆయిల్ పొర మీద షాఫ్ట్ తిరిగే రకం) కొద్దిగా కదలడం మామూలే, ఆయిల్ లేదు కదా. ముందుకూ వెనక్కూ లాగితే మాత్రం చేతికి దాదాపు తెలియకూడదు. డయల్ గేజి పెడితే 0.1 మి.మీ. దాటకూడదు.

స్క్రాప్‌లో ఎక్కువగా దొరికేది 1.3 డీజిల్ కేపీ35. సైజు దగ్గరగా ఉందని దాన్ని పెట్రోల్ ఇంజిన్‌కు పెట్టాలని చాలామందికి ఉంది. డీజిల్ పొగ పూర్తి లోడ్ మీద కూడా 800 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, పెట్రోల్‌ది 950కి పోతుంది. డీజిల్ కోసం పోసిన ఇనుము ఆ వేడికి వేస్ట్‌గేట్ రంధ్రం పక్కన పగులుతుంది. లోపల కదిలే రెక్కలున్న వీజీటీ రకమైతే ఆ రెక్కలే పట్టేస్తాయి. నేనైతే పెట్రోల్ కారు నుంచి వచ్చినదే తీసుకోమంటాను, జర్నల్ బేరింగ్‌దే తీసుకోమంటాను. రిపేర్ కిట్ దొరకడం సులువు.

ఇక కంప్రెసర్ మ్యాప్. అడ్డంగా గాలి, నిలువుగా రేషియో. అడ్డం గీత మీద ఉన్నది సవరించిన గాలి, అంటే మ్యాప్‌కు ఆధారమైన ఉష్ణోగ్రత, పీడనాలకు మార్చిన అంకె. గారెట్ మ్యాపులకు ఆధారం 29.4 డిగ్రీలు, 0.962 బార్. మిగతా కంపెనీలవి వేరు, మ్యాప్ మూలలో చూసుకోండి. మన 11.5ను √(315 ÷ 302.4)తో గుణించి, (0.94 ÷ 0.962)తో భాగిస్తే 12.0. మొదటి చుక్క: 12.0, 1.78. రెండో చుక్క 2500 ఆర్‌పీఎంకు. అక్కడ సిలిండర్ నిండేది 85 శాతం అనుకుంటే అదే లెక్కన 4.7, రేషియో 1.78.

మొదటి చుక్క కుడివైపు చోక్ గీతకు (చక్రం అంతకు మించి గాలి పంపలేని హద్దు) లోపల, ఎఫిషియెన్సీ 68 శాతం తగ్గని వలయంలో పడాలి. రెండోది ఎడమవైపు సర్జ్ గీతకు (గాలి వెనక్కు తన్నడం మొదలయ్యే హద్దు) కుడి పక్కన ఉండాలి. కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ, మూడో గేరులో 2500 దగ్గర యాక్సిలరేటర్ తొక్కి పట్టుకున్నప్పుడు ఇంజిన్ ఉండేది సరిగ్గా ఆ రెండో చుక్క దగ్గరే. 300 హెచ్‌పీ టర్బో తెచ్చి పెడితే అక్కడ ఆ బూస్ట్ రానే రాదు, ఎలాగో వచ్చినా చుక్క సర్జ్‌లో పడుతుంది. గాలి వెనక్కు తన్నే బుడబుడ శబ్దం వినిపిస్తుంది, థ్రస్ట్ బేరింగ్ తొందరగా పోతుంది. రెండు చుక్కల్లో ఒకటి వదులుకోక తప్పకపోతే నేను పై చుక్కను వదులుకుంటాను. గరిష్ఠం 6000కు బదులు 5600 అయినా రోజూ నడిపే బండికి నష్టం లేదు.

ఇంకొకటి: ఇంజిన్ ఇలా మార్చేముందు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి, ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి. ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చే మార్పుకు అనుమతి కావాలి.

అభ్యాసం. ఇదే ఇంజిన్‌కు అనంతపురం, కర్నూలు, కడప. 26 డిగ్రీలు, 42 డిగ్రీలు. 2500, 6000 ఆర్‌పీఎం. మొత్తం 12 చుక్కలు. మీరు ఎంచుకున్న ఒక టర్బో మ్యాప్ ప్రింటు తీసి అన్నీ దాని మీదే పెట్టండి. ఫిల్టర్ నష్టం 0.03, ఇంటర్‌కూలర్ నష్టం 0.10 అన్నిటికీ అవే. సరిచూసుకోవడానికి ఒకటి ఇస్తున్నాను: కడప, 42 డిగ్రీలు, 6000 దగ్గర రేషియో 1.75, సవరించిన గాలి 11.9 పౌండ్లు రావాలి. 1.60 వచ్చినవాళ్లు మళ్లీ ఆ ప్రెషర్ రేషియో పేరా దగ్గరికి వెళ్లండి. 12 చుక్కలూ పెట్టిన మ్యాప్ పక్కన ఉంచుకుంటేనే ఆరో పాఠం, ఆయిల్ లైనూ రిటర్న్ పైపూ, మొదలుపెట్టండి.