శాలరీ క్యాప్ పాఠాలు – 4: డెడ్ మనీ, ఆ తర్వాత ఫ్రీ ఏజెన్సీ

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో ఒక్కో జట్టు ఆటగాళ్ళ జీతాల లెక్కకు ఏటా ఉండే పరిమితే శాలరీ క్యాప్. దాని మీద పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులన్నీ చూశాను. కూడికలు, భాగహారాలు బాగానే చేశారు. కానీ చాలామంది ఒకే చోట తడబడ్డారు. ఆ ముడి విప్పకుండా ఫ్రీ ఏజెన్సీలోకి (ఒప్పందం ముగిసిన ఆటగాళ్ళు కొత్త జట్టు వెతుక్కునే దశ) వెళ్తే మార్చి నెలలో వచ్చే వార్త ఒక్కటీ అర్థం కాదు. అందుకే ముందు అదే చూద్దాం.

లెక్క ఇది: ఐదేళ్ళ ఒప్పందం, 40 మిలియన్ డాలర్ల సైనింగ్ బోనస్ (సంతకం పెట్టినందుకు ఇచ్చే సొమ్ము). మొదటి ఏడాది ఆటగాడికి బోనస్ కింద ఎంత ముడుతుంది? ఎక్కువమంది 8 మిలియన్లు అని రాశారు. క్యాప్ లెక్కలో బోనస్‌ని ఒప్పందం ఏళ్ళకు సమానంగా పరుస్తారు. 8 అనేది అలా ఆ ఏడాది జట్టు క్యాప్ లెక్కలో పడే వాటా. ఆటగాడి చేతికి వచ్చేది మొత్తం 40. సంతకం పెట్టిన కొద్ది రోజుల్లో రావచ్చు, కొన్ని నెలల తేడాతో రెండు విడతల్లో రావచ్చు. అంతే తప్ప ఐదేళ్ళపాటు ఏటా 8 చొప్పున ఎవరూ ఇవ్వరు.

నిజమైన ఒప్పందం ఒకటి చూద్దాం. డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉండే మనవాళ్ళకి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) డాక్ ప్రెస్కాట్ పేరు కొత్త కాదు. 2021 మార్చిలో డాలస్ కౌబాయ్స్ జట్టు అతనితో నాలుగేళ్ళకి 160 మిలియన్ల ఒప్పందం రాసుకుంది. అందులో సైనింగ్ బోనస్ 66, మొదటి ఏడాది బేస్ శాలరీ (బోనస్ కాని మూల జీతం) 9. అంటే ఆ ఒక్క ఏడాదిలో అతనికి రావలసింది 75 మిలియన్లు. మరి క్యాప్ మీద? 66ని ఐదుతో భాగిస్తే 13.2. దానికి 9 కలిపితే 22.2. అదే మనిషి, అదే ఏడాది, రెండు అంకెలు. నాలుగేళ్ళ ఒప్పందంలో ఐదుతో ఎందుకు భాగించామంటే, చివర వాయిడ్ ఇయర్స్ అని పేరుకి మాత్రమే ఉండే సంవత్సరాలు తగిలించారు. ఆ సంవత్సరాల్లో అతను ఆడనక్కర్లేదు, బోనస్ వాటా పడడానికి చోటుంటే చాలు. ఎంత తగిలించినా ఐదేళ్ళకు మించి పరచడానికి నిబంధన ఒప్పుకోదు.

రైస్ మిల్లు యజమాని కొత్త యంత్రానికి డబ్బు ఒకేసారి కట్టేసి, పుస్తకాల్లో తరుగుదల మాత్రం ఏళ్ళ తరబడి రాసుకుంటాడు కదా, ఇదీ అంతే. క్యాప్ అనేది పుస్తకం. గల్లాపెట్టె వేరు.

నేనైతే ఏ ఒప్పందం చూసినా కాగితం మధ్యలో నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు ‘చేతికి’, కుడివైపు ‘క్యాప్‌కి’. వార్తల్లో పెద్దక్షరాలతో వచ్చే మొత్తాన్ని అసలు రాసుకోను. గ్యారంటీ ఎంత, మొదటి రెండేళ్ళలో చేతికొచ్చేది ఎంత, ఈ రెండే చూస్తాను. చివరి సంవత్సరాల జీతాలకు గ్యారంటీ లేకపోతే, జట్టు ఉంచుకుంటేనే అవి డబ్బు.

ఇక డెడ్ మనీ. అంటే వెళ్ళిపోయిన ఆటగాడి పేరున జట్టు క్యాప్ లెక్కలో ఇంకా పడే మొత్తం. ఈ మాట వినగానే "జట్టు అతన్ని వదిలేసి కూడా ఇంకా అంత డబ్బు ఇస్తోంది" అంటారు. టీవీ విశ్లేషకులు కూడా అలాగే మాట్లాడడం విన్నాను. నాకు బాగా చిరాకు తెప్పించే పొరపాటు ఇది. దీని మీద కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం.

డెన్వర్ బ్రాంకోస్ 2024 మార్చిలో తన క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ని వదిలేసింది. డెడ్ మనీ 85 మిలియన్లు. అంతకుముందు ఏ జట్టూ ఒక్క ఆటగాడి మీద అంత మోయలేదు. "పంపించడానికి 85 మిలియన్లు ఇచ్చారు" అనుకున్నారు జనం. విడదీసి చూడండి.

2022లో ఒప్పందం పొడిగించినప్పుడు అతనికి 50 మిలియన్ల సైనింగ్ బోనస్ ఇచ్చారు. ఐదేళ్ళకు పరిస్తే ఏడాదికి 10. 2022, 2023 వాటాలు అయిపోయాయి. 2024, 2025, 2026 వాటాలు మిగిలాయి, మొత్తం 30. 2023లో 20 మిలియన్ల ఆప్షన్ బోనస్ (ఒప్పందంలోని ఒక వెసులుబాటును జట్టు వాడుకున్నప్పుడు ఇచ్చేది) ఇచ్చారు. ఇదీ ఐదేళ్ళకే, ఏడాదికి 4. ఒక వాటా అయింది, నాలుగు మిగిలాయి, అంటే 16. ముప్పై, పదహారు కలిపితే 46. ఈ 46 మిలియన్లూ విల్సన్ ఎప్పుడో తీసుకున్నాడు. ఆ డబ్బు వెనక్కి రాదు, కొత్తగా పోదు. పుస్తకంలో రాయడం మాత్రమే మిగిలింది. జట్టులో ఉంచుకున్నా అవి క్యాప్ మీద పడేవే.

మిగతా 39? అది 2024కి గ్యారంటీ ఇచ్చిన సొమ్ము. ఉంచినా, పంపినా ఇవ్వాల్సిందే. కొత్తగా చేతులు మారింది ఇదొక్కటే, అదీ పూర్తిగా బ్రాంకోస్ జేబులోంచి కాదు. విల్సన్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో కనీస వేతనం 1.21 మిలియన్లకు చేరాడు. ఆ మేరకు డెన్వర్ భారం తగ్గింది. అతనికి వచ్చే మొత్తం ఎలాగూ 39 కాబట్టి ఎక్కువ అడిగినా అతనికి లాభం లేదు, డెన్వర్‌కే లాభం. కాబట్టి పిట్స్‌బర్గ్‌కి అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ అంత చవకగా దొరికాడు.

మరి ఎందుకు అంత తొందరపడి వదిలేశారు? ఆ మార్చిలో లీగ్ సంవత్సరం మొదలైన ఐదో రోజుకి అతను జట్టులో ఉంటే 2025 జీతం 37 మిలియన్లు కూడా పూర్తి గ్యారంటీ అయిపోయేవి. గాయానికి సంబంధించిన గ్యారంటీ అయితే దాని మీద అప్పటికే ఉంది, అంటే అతను గాయపడి ఆడలేకపోతే ఆ 37 ఇవ్వాల్సిందే. 2023 సీజన్ చివరి రెండు మ్యాచ్‌లలో అతన్ని పక్కన కూర్చోబెట్టారు. కోచ్ ఆటకు సంబంధించిన కారణాలే చెప్పాడు. ఒప్పందం చదివినవాళ్ళకి మాత్రం ఈ 37 కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది.

ఇప్పుడు జూన్ 1 నిబంధన. జూన్ 1 కంటే ముందు వదిలేస్తే మిగిలిన బోనస్ వాటాలన్నీ ఆ ఏడాది క్యాప్ మీదకే వచ్చి పడతాయి. తర్వాత వదిలేస్తే ఈ ఏడాది వాటా ఈ ఏడాదికి, మిగతావన్నీ వచ్చే ఏడాదికి. మార్చిలోనే వదిలేస్తూ, జూన్ 1 తర్వాత వదిలినట్టు లెక్క కట్టమని కోరే వీలు ఒక్కో జట్టుకి ఏటా ఇద్దరు ఆటగాళ్ళ విషయంలో ఉంటుంది. బ్రాంకోస్ అదే చేసింది. 2024లో 39, 10, 4 కలిపి 53. 2025లో మిగిలిన 20, 12 కలిపి 32. ఈ రెండు అంకెలూ కాగితం మీద మీరే తేల్చుకోండి. ఇది ఒక్కసారి చేతికి వస్తే ఏ జట్టు డెడ్ మనీ అయినా చదవగలరు.

ఆ 53 మోస్తూనే డెన్వర్ 2024లో ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. కారణం వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ రూకీ, అంటే తొలి ఏడాది ఆటగాడు, కావడం. 2011 నుంచి రూకీల జీతం డ్రాఫ్ట్ (జట్లు కాలేజీ ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే పద్ధతి) స్థానాన్ని బట్టి తక్కువలో, దాదాపు ముందే ఖాయమైపోతుంది. 2010లో మొదటి పిక్ (డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంపికైన) శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 50 మిలియన్ల గ్యారంటీ వస్తే, మరుసటి ఏడాది మొదటి పిక్ కామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి కలిపి వచ్చింది 22 మాత్రమే. మంచి క్వార్టర్‌బ్యాక్ రూకీ జీతంలో ఉన్న ఆ మూడు నాలుగేళ్ళే జట్టుకి బంగారు కాలం.

ఇక ఫ్రీ ఏజెన్సీ. 1993కి ముందు ఒప్పందం ముగిసినా ఆటగాడు నచ్చిన చోటికి పోయే దారి దాదాపు లేదు. ఫ్రీమన్ మెక్‌నీల్, మరికొందరు ఆటగాళ్ళు వేసిన కేసులో 1992లో మినియాపోలిస్ జ్యూరీ లీగ్ ఆంక్షలు తప్పని తేల్చాక తలుపు తెరుచుకుంది. 1993లో రెజీ వైట్ నాలుగేళ్ళకి 17 మిలియన్లతో గ్రీన్ బే చేరాడు. ఆ స్వేచ్ఛకు బదులుగా యజమానులు అడిగి తీసుకున్నదే శాలరీ క్యాప్. 1994లో జట్టుకి 34.6 మిలియన్లు. 2025లో 279.2.

ఎవరు ఫ్రీ? ఒప్పందం ముగిసి, లెక్కలోకి వచ్చే నాలుగు సీజన్లు పూర్తయితే పూర్తి స్వేచ్ఛ. మూడే అయితే పాత జట్టు ఒక టెండర్ (ఒక ఏడాది జీతం ఆఫర్) ఇచ్చి, బయటివాళ్ళు ఇచ్చే ఆఫర్‌ని తానే సరిపోల్చి అట్టిపెట్టుకునే హక్కు ఉంచుకోవచ్చు. మూడుకన్నా తక్కువైతే, జట్టు కనీస ఆఫర్ ఇస్తే చాలు, ఆటగాడు ఇంకెవరితోనూ మాట్లాడడానికి లేదు. ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే కనీసం ఆరు మ్యాచ్‌లకి పూర్తి జీతం మీద జట్టులో ఉండాలి. గాయపడి ఇంజర్డ్ రిజర్వ్‌లో ఉన్నా లెక్కకి వస్తుంది. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (సాధన కోసం ఉంచుకునే ఆటగాళ్ళ బృందం) ఏడాదంతా చెమటోడ్చినా రాదు, ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.

లీగ్ సంవత్సరం మార్చి మధ్యలో, ఈస్టర్న్ టైమ్ సాయంత్రం 4 గంటలకు మొదలవుతుంది. దానికి రెండు రోజుల ముందు నుంచి ఏజెంట్లతో బేరాలు ఆడవచ్చు. వార్తల్లో వచ్చే ఒప్పందాలు చాలావరకు ఆ రెండు రోజుల్లోనే కుదురుతాయి.

జట్టు పోనివ్వకూడదనుకుంటే ఫ్రాంచైజ్ ట్యాగ్ వేస్తుంది. ఆ స్థానంలో అత్యధిక జీతాలున్న ఐదుగురిని బట్టి కట్టే ఒక ఏడాది జీతం, ఆటగాడు సంతకం పెడితే పూర్తి గ్యారంటీ. రెండోసారి వేస్తే కనీసం 120 శాతం. కిర్క్ కజిన్స్‌కి వాషింగ్టన్ 2016లో వేసింది, 19.95 మిలియన్లు. 2017లో మళ్ళీ వేసింది, 23.94. మూడోసారి వేయాలంటే 144 శాతం, అంటే 34 దాటేది. అక్కడ ఆగిపోయారు. అతను 2018లో మిన్నెసోటా వెళ్ళి మూడేళ్ళకి 84 మిలియన్లు తీసుకున్నాడు, ప్రతి డాలరూ గ్యారంటీ. ఓపిక పట్టి ట్యాగ్‌నే తన బేరానికి వాడుకున్న ఇంత చక్కటి ఉదాహరణ నాకు ఇంకొకటి తెలియదు. అదే ఏడాది లెవియన్ బెల్ స్టీలర్స్ వేసిన ట్యాగ్ మీద సంతకం పెట్టలేదు. సీజన్ అంతా ఆడలేదు, దాదాపు 14.5 మిలియన్లు వదులుకున్నాడు. అతనిలా బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లకి వయసు తొందరగా మీద పడుతుంది. అతని భయం నాకు అర్థమవుతుంది, కానీ లెక్క మాత్రం అతనికి కలిసిరాలేదు.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, తొందరపడొద్దు. నాలుగేళ్ళ ఒప్పందం. సైనింగ్ బోనస్ 20 మిలియన్లు. బేస్ శాలరీలు వరసగా 1, 8, 12, 15. బోనస్‌కి, మొదటి రెండేళ్ళ జీతానికి గ్యారంటీ ఉంది.

ముందు ‘చేతికి’, ‘క్యాప్‌కి’ రెండు వరసలూ గీసి నాలుగేళ్ళకీ నింపండి. తర్వాత, రెండో ఏడాది మొదట్లో జట్టు ఆ 8లోంచి 6ని బోనస్‌గా మార్చిందనుకోండి. కుడి వరస మళ్ళీ రాయండి. ఆ 6ని భాగించాల్సింది నాలుగుతో కాదు, మిగిలిన సంవత్సరాలతో. ఎడమ వరసలో రెండో ఏడాది అంకె మారుతుందా, మారదా? ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. ఇక మూడో ఏడాది మార్చిలో అతన్ని వదిలేశారు. జూన్ 1 వెసులుబాటు వాడకపోతే డెడ్ మనీ ఎంత, క్యాప్‌లో జట్టుకి ఆదా అయ్యేది ఎంత? వాడితే ఏ ఏడాదికి ఎంత? 6 మార్చకుండా ఉండి ఉంటే ఇవే అంకెలు ఎంతెంత? వదిలేసిన రోజున అతని చేతికి కొత్తగా ఒక్క డాలరైనా వచ్చిందా?

చివరి ప్రశ్నకు జవాబు సున్నా కాకుండా వేరేది వస్తే విల్సన్ లెక్క దగ్గరికి వెళ్ళి, 46 ఎక్కడి నుంచి వచ్చిందో మళ్ళీ కట్టండి. వచ్చే పాఠంలో ట్రేడ్ చేసినప్పుడు ఈ వాటాలు ఏ జట్టు నెత్తిన పడతాయో చూద్దాం.