పాత ఆవిరి ఓడల్లో పనికి వెళ్తున్నారా? మూత తీసిన ట్యాంకులో దిగేముందు ఇది చదవండి

సెప్టిక్ ట్యాంకులో పడిపోయినవాణ్ణి కాపాడబోయి ఇంకొకడూ పోయాడన్న వార్త మళ్ళీ వచ్చింది. పాత ఆవిరి ఓడల్లో స్వచ్ఛందంగా పనిచేయడానికి వెళ్ళే వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు దాన్ని ఊళ్ళ గొడవ అనుకుని వదిలేయకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరెమయా ఓబ్రయన్, బాల్టిమోర్‌లో జాన్ డబ్ల్యూ బ్రౌన్ లాంటి రెండో ప్రపంచ యుద్ధకాలపు లిబర్టీ రకం సరుకు ఓడలు వాలంటీర్ల చేతిపని మీదే నిలబడ్డాయి. బే ఏరియాలో మనవాళ్ళలోనూ పని తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. హెల్మెట్, బూట్ల గురించి చెప్పను, అవి మీకు తెలుసు.

లంగరు గొలుసు గది, ఓడ అడుగుభాగంలోని ట్యాంకులు, వాడకుండా మూసిపెట్టిన బాయిలర్ డ్రమ్ము. నా భయమంతా వీటి గురించే. లోపల విషవాయువే ఉండక్కర్లేదు. ఇనుము తుప్పు పట్టాలంటే ఆక్సిజన్ కావాలి. నెలల తరబడి మూత బిగించి ఉంటే లోపలి గాలిలోని ఆక్సిజన్‌ని ఆ గోడలే తినేస్తాయి. వాసన రాదు. ఊపిరి ఆడనట్టు కూడా పెద్దగా అనిపించదు, ఎందుకంటే ఉక్కిరిబిక్కిరి చేసేది కార్బన్ డయాక్సైడ్ పెరగడమే. ఆక్సిజన్ బాగా పడిపోయిన చోట రెండు మూడు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు.

అసలు తప్పు ఆ తర్వాత జరుగుతుంది. పైనున్నవాడు ఆగలేక దిగేస్తాడు. 2007 సెప్టెంబరులో ఉత్తర సముద్రంలో వైకింగ్ ఐలా అనే నౌకలో గొలుసు గదిలో ఒకడు కూలాడు, అతని కోసం రెండోవాడు దిగాడు, ఇద్దరి కోసం మూడోవాడు. ముగ్గురూ పోయారు. అది ఇతరులను రక్షించడానికే సముద్రంలో ఉండే నౌక!

కూలినవాడి వెనక దిగకండి. సొంత తమ్ముడైనా సరే దిగకండి. అలారం కొట్టండి, బ్లోయర్‌తో గాలి పంపండి, నడుముకి తాడు ఉంటే పైనుంచే లాగండి. గాలి సిలిండర్ వీపున కట్టుకున్నవాళ్ళు వచ్చేదాకా మూత దగ్గరే ఉండండి.

దిగేముందు ఆక్సిజన్ మీటర్‌ని తాడుతో వదిలి పైన, మధ్యలో, అడుగున చూడండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కన్నా తగ్గితే అమెరికా నిబంధనల ప్రకారమే అది ప్రమాదకరం. నన్నడిగితే 20.9 నుంచి కాస్త తగ్గినా, ఎందుకు తగ్గిందో తెలిసేదాకా ఎవరూ దిగకూడదు.

ఇక మిగతావి:

దుమ్ము మాస్క్ ఆక్సిజన్ ఇవ్వదు.

గాలి బాగాలేదని వెల్డింగ్ ఆక్సిజన్ లోపలికి వదలకండి. నిప్పురవ్వ పడితే ఒంటి మీది బట్టలే భగ్గుమంటాయి.

వెల్డింగ్‌లో వాడే ఆర్గాన్ వాయువు గాలికన్నా బరువు, అడుగున చేరుతుంది. భోజనానికి వెళ్తే గ్యాస్ గొట్టాలు బయటికి లాగేయండి.

టార్చ్‌తో కోసేముందు చుట్టుపక్కలా, గోడకి అవతలి వైపూ అంటుకునేవి ఉన్నాయేమో చూడండి. 1942లో న్యూయార్క్‌లో నార్మండీ ఓడ లైఫ్ జాకెట్ల మీద పడిన కోత రవ్వలతో అంటుకుంది, ఆర్పడానికి పోసిన నీళ్ళ బరువుకి పక్కకి ఒరిగిపోయింది.

పాత పైపుల చుట్టూ ఉన్న తెల్ల పూతని చేత్తో గీకకండి. ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ నార అయి ఉండొచ్చు.

ఎర్ర సీసం పెయింట్ మీద గ్యాస్ టార్చ్ మంట పెట్టొద్దు, ఆ పొగ విషం.

ఆవిరి వాల్వు మెల్లగా తిప్పండి. ముందు డ్రెయిన్లు తెరవండి. పైపులో నిలిచిన నీటిని ఆవిరి నెట్టుకొస్తే ఫిట్టింగులు పగిలిపోతాయి.

మళ్ళీ చెప్తున్నా, కూలినవాడి వెనక దిగకండి.

మూత దగ్గర కాపలా ఉన్నవాడికి ఇంకే పనీ చెప్పకండి. అతను టీకి వెళ్ళాలంటే ముందు లోపలున్నవాళ్ళందరూ పైకి రావాలి.