బొలెరో వెనక ఇరుసు దెబ్బతింటే: ఏది చెడిందో తేల్చుకున్నాకే పాత ఇరుసు కొనండి

వానలో మా బొలెరో వెనక ఎడమ చక్రం కల్వర్టు అంచుకు బలంగా కొట్టుకుంది. రిమ్ము వంగితే స్టెప్నీ వేసుకుని ఇంటికొచ్చేశాం. వారం తిరక్కుండానే నా వెనకే బండిలో వస్తున్న మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నీ బండి పక్కకు తిరిగి నడుస్తోంది, చూసుకున్నావా?" అన్నాడు.

వర్క్‌షాపులో చూపిస్తే కొలతలేమీ తీయకుండానే ఇరుసు మొత్తం మార్చాలన్నారు. వాళ్లే ఒక పాత ఇరుసు తెచ్చి బిగించారు. పది రోజులకే కూత మొదలైంది. విప్పి చూస్తే లోపల బేరింగులు తుప్పు పట్టి ఉన్నాయి. రెండోసారి నేనే దగ్గరుండి, మా మేస్త్రితో కలిసి కొలిచి, ఎంచి, బిగించుకున్నాం. కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద నిలబడే ఒకే కడ్డీ ఇరుసు ఉన్న బొలెరో, సుమో లాంటి బండ్లన్నిటికీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

బండి అడ్డంగా నడుస్తోంది

ఇది చూడగానే ఇరుసు పోయిందనుకోకండి. ముందు టేపు తీసుకోండి. స్టీరింగ్ నిటారుగా పెట్టి, ముందు చక్రం హబ్ మధ్య నుంచి వెనక చక్రం హబ్ మధ్యకు రెండు పక్కలా కొలవండి. బొలెరోకు ఈ దూరం (వీల్‌బేస్) 2680 మిల్లీమీటర్లు. ఎడమకూ కుడికీ తేడా కనిపిస్తే ఇరుసు కమాన్ కట్ట మీద జరిగిందన్నమాట. మా బండికి ఎడమ పక్క 12 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది.

కమాన్ కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తల, ఇరుసు మీద ఉన్న గుంటలో కూర్చుని దాన్ని కదలనీయకుండా పట్టుకుంటుంది. కట్టను ఇరుసుకు నొక్కిపట్టే పని యూ బోల్టులది. యూ బోల్టులు వదులైతే ఆ భారమంతా సెంటర్ బోల్టు మీద పడి, దెబ్బ తగలగానే తెగిపోతుంది. దీనికి కొత్త సెంటర్ బోల్టు, కొత్త యూ బోల్టులు చాలు. ఇరుసు ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. మా బండిలోనూ ఎడమ సెంటర్ బోల్టు తెగి ఉంది. అది వేయగానే రెండు పక్కలా కొలత సరిపోయింది. అయితే కథ అక్కడితో అయిపోలేదు.

వెనక టైరు ఒక అంచే అరుగుతోంది

ఇలాంటి ఇరుసుకు చక్రం వాలు సరిచేసే ఏర్పాటేదీ ఉండదు. కాబట్టి వెనక టైరు లోపలి అంచో బయటి అంచో మాత్రమే అరుగుతుంటే హౌసింగ్, అంటే ఇరుసు బయటి గొట్టం, వంగిందేమోనని అనుమానించాలి.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. వెనక భాగం లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రం తిప్పుతూ టైరు మధ్యలో మేకుతో చుట్టూ ఒక గీత గీయండి. రెండు టైర్లకూ గీశాక బండి దించి, నాలుగడుగులు ముందుకు తోయండి. గీతకూ గీతకూ మధ్య దూరాన్ని టైర్ల ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి, నేల నుంచి ఒకే ఎత్తులో కొలవండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. మాకు 7 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. హౌసింగ్ గొట్టం ఎడమ చివర వంగిపోయింది.

ఇక్కడ చాలామంది "గ్యాస్ పెట్టి వేడి చేసి సరిచేద్దాం సార్" అంటారు. ఒప్పుకోకండి. ఎర్రగా కాల్చి వంచిన గొట్టం మునుపటి బలంతో ఉండదు. పది మందిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ బరువంతా మోసేది ఆ గొట్టమే. హౌసింగ్ వంగితే మార్చడమే మార్గం.

శబ్దం, కుదుపు, నూనె కారడం

ఎక్సలేటర్ నొక్కినప్పుడు కూత పెట్టి, వదలగానే మారిపోతే క్రౌన్-పినియన్‌నో (ఇంజిన్ తిరుగుడును చక్రాల వైపు మళ్లించే పళ్ల చక్రాల జత) పినియన్ బేరింగునో చూడాలి. నొక్కినా వదిలినా ఒకేలా గురగురమంటూ, మలుపులో పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది చక్రం బేరింగు. కుడి బేరింగు పోతే ఎడమ మలుపులో గోల పెరుగుతుంది, ఎందుకంటే అప్పుడు బరువు కుడి పక్కకు వాలుతుంది. గేరు వేసి కదలగానే టక్కుమంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి ఇరుసుకు వచ్చే కడ్డీ) క్రాస్‌లు, అంటే దాని కీళ్లు, చూడండి. ఆ శబ్దానికి ఇరుసు విప్పినవాళ్లను నేను చూశాను.

కుదుపు వస్తుంటే వెనక చక్రాలు రెండూ ఆ పక్కవి ఈ పక్కకు మార్చి చూడండి. ఊపు చక్రంతో పాటే పక్క మారితే రిమ్మో టైరో కారణం. మారకుండా అక్కడే ఉంటే యాక్సిల్ షాఫ్ట్ (హౌసింగ్ లోపల ఉండి చక్రాన్ని తిప్పే కడ్డీ) వంగి ఉండొచ్చు. చక్రం, డ్రమ్ము తీసి, షాఫ్ట్ ఫ్లాంజ్ (చక్రం బిగించే పళ్లెం) అంచుకు డయల్ గేజ్ (సన్నని ఊపును కొలిచే ముల్లు పరికరం) ఆనించి తిప్పితే తెలిసిపోతుంది. షాఫ్ట్ ఒక్కటే వంగితే షాఫ్ట్ ఒక్కటే మార్చండి.

చక్రం లోపలి వైపు నూనె కారుతుంటే సీల్ మార్చే ముందు హౌసింగ్ మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) చూడండి. అది మట్టితో మూసుకుపోతే లోపల వేడెక్కిన గాలి సీల్‌ను తోసుకుని నూనెను బయటికి పంపుతుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా ఎన్ని సీళ్లు వేసినా అదే వరస. నూనె తగిలిన బ్రేక్ షూలను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయకండి. వాటిని పారేయాల్సిందే.

ఆటోనగర్‌లో ఇరుసు ఎంచుకోవడం

ఇక్కడ ఒక పూట ఓపిక పడితే తర్వాత నెల రోజుల టెన్షన్ తప్పుతుంది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పాత ఇరుసులు వరసగా పేర్చి ఉంటాయి. పైన రంగు కొట్టినవి ముచ్చటగా కనిపిస్తాయి. రంగును చూడకండి, అది తుప్పునూ వెల్డింగ్ అతుకునూ కూడా దాస్తుంది. కమాన్ కట్ట కూర్చునే చోట, గొట్టం, క్రౌన్-పినియన్ ఉండే మధ్య గుండుకు కలిసే చోట గోకి చూడండి. కంపెనీ అతుకు కాకుండా ఇంకో అతుకు కనిపిస్తే ఆ ఇరుసు వదిలేయండి.

తర్వాత డ్రెయిన్ ప్లగ్గు విప్పించి ఆయిల్ చూడండి. నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలా మునిగిన బండి ఇరుసు బయట బాగానే కనిపించినా లోపల బేరింగు రోలర్ల మీద చిన్న చిన్న గుంటలు పడి ఉంటాయి. మాకు మొదట అంటగట్టినది అలాంటిదే. ఆయిల్‌లో వేలు ముంచి వెలుగులో చూస్తే మెరుపు రేణువులు కనిపించినా వద్దు. ఆయిల్ అసలు లేకుండా పొడిగా ఉంటే ఇంకా అనుమానించాలి. వెనక కవర్ విప్పడానికి ఒప్పుకోని షాపులో నేనైతే కొనను.

పినియన్ ఫ్లాంజ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే పళ్లెం) పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కొద్దిగా కదిలినా పినియన్ బేరింగు పోయినట్టే. తిప్పేటప్పుడు గరగరలు లేకుండా సాఫీగా తిరగాలి.

ఇక నిష్పత్తి, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క. ఒకే పేరున్న బండికి కూడా మోడల్‌ను బట్టి క్రౌన్-పినియన్ పళ్ల లెక్క మారుతుంది. ఫ్లాంజ్ మీద సుద్దతో గుర్తు పెట్టండి. ఒక చక్రం వైపు హబ్‌ను కదలకుండా పట్టుకోమని, రెండో వైపు హబ్‌ను సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఈలోగా ఫ్లాంజ్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. మీ పాత ఇరుసుకూ ఇలాగే లెక్కపెట్టి రాసుకుని వెళ్లండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు, వెనక నిష్పత్తులు కలవకపోతే ట్రాన్స్‌ఫర్ కేస్ (రెండు ఇరుసులకూ బలం పంచే పెట్టె) పాడవుతుంది. నిష్పత్తి కుదర్లేదని ఒక ఇరుసు క్రౌన్‌ను ఇంకో ఇరుసు పినియన్‌తో కలపొద్దు. అవి జతగా అరిగిన పళ్లు, విడదీస్తే కూత తప్పదు.

కమాన్ సీట్ల మధ్య దూరం, చక్రం బోల్టుల సంఖ్య, డ్రమ్ము వెడల్పు కూడా కొలుచుకోండి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. మీది ఆ తర్వాతి బండి అయితే, సెన్సర్ కూర్చునే చోటు లేని పాత మోడల్ ఇరుసు పనికిరాదు. ఇరుసు ఏ బండిదో అడిగి, వీలైతే ఆ బండి ఆర్సీ కాపీ చూసి, బిల్లు తీసుకోండి. దొంగ బండ్ల విడిభాగాలు అమ్మేవాళ్లు బిల్లివ్వడానికి వెనకాడతారు.

బిగించేటప్పుడు

బండిని చాసిస్ కింద స్టాండ్ల మీద నిలపండి. జాకీని నమ్మి బండి కిందకి దూరకండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు రెండు ఫ్లాంజ్‌ల మీదుగా ఒక గీత గీసి, బిగించేటప్పుడు ఆ గీత కలపండి. బ్రేక్ గొట్టం విప్పగానే మూత పెట్టండి.

కొన్న పాత ఇరుసు నుంచి హౌసింగ్, క్రౌన్-పినియన్, యాక్సిల్ షాఫ్టులు తీసుకుంటే చాలు. చక్రం బేరింగులు, ఆయిల్ సీళ్లు, బ్రేక్ షూలు, వీల్ సిలిండర్ రబ్బర్లు, యూ బోల్టులు, వాటి నట్లు కొత్తవే వేయండి. యూ బోల్టు ఒకసారి బిగించాక సాగుతుంది, విప్పినదాన్ని మళ్లీ వాడకూడదు. బేరింగును షాఫ్ట్ మీద నొక్కి ఉంచే రింగు రకమైతే ఆ రింగు కూడా కొత్తదే, ప్రెస్ మీదే ఎక్కించాలి. సుత్తితో కొట్టి ఎక్కించనివ్వకండి.

యూ బోల్టులను ముందు వేళ్లతో సమానంగా ఎక్కించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఎదురెదురుగా, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు బిగించండి. ఆయిల్ జీఎల్-5 రకం, మాన్యువల్ చెప్పిన చిక్కదనంలో పోయాలి. క్రౌన్-పినియన్‌లోని హైపాయిడ్ రకం పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, మామూలు గేర్ ఆయిల్ వాటిని కాపాడలేదు.

బిగించాక

బ్రేక్ పెడల్ మెత్తగా దిగితే గొట్టాల్లో గాలి ఉంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉండే వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీయండి. పెడల్ గట్టిగా ఉండి కూడా వెనక చక్రాలు ముందే పట్టేస్తుంటే, ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఉన్న బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వ్ కడ్డీ సరిగా అమరలేదు. పాత చోట కడ్డీ ఎంత కోణంలో ఉండేదో విప్పకముందే ఫొటో తీసుకుంటే ఈ తిప్పలుండవు.

ముందు లేని కుదుపు ఒక వేగం దగ్గర మొదలైతే కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య వాలు చెక్కలు (వెడ్జ్‌లు) తిరగేసి పెట్టారేమో చూడండి. అవి తిరగబడితే పినియన్ ముక్కు ఎత్తు మారి క్రాస్‌లు కొట్టుకుంటాయి.

మొదటి ఐదు వందల కిలోమీటర్లు బరువు వేయకుండా నడిపి, యూ బోల్టులు మళ్లీ టార్క్‌కు బిగించాం. ఒక్కోటి పావు చుట్టు దాకా తిరిగింది. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం తుడిచి కొత్త ఆయిల్ పోసి, మేకు గీతలు మళ్లీ గీసి కొలిచాం. ముందు, వెనక తేడా ఒక మిల్లీమీటరు లోపే వచ్చింది.