ఇంటికెళ్లే టికెట్‌కి చౌక విమానాన్ని అతికించకండి: సంక్రాంతి ప్రయాణికులకు జాగ్రత్తలు

మూడు వారాల క్రితం రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. "అన్నా, మీరు మిలాన్‌లో ఉంటారని మా రూమ్మేట్ నంబర్ ఇచ్చాడు. నేను మాల్పెన్సా ఎయిర్‌పోర్టులో ఉన్నాను. నా హైదరాబాద్ ఫ్లైట్ వెళ్లిపోయింది." గొంతు వణుకుతోంది. ఖమ్మం అబ్బాయి. లాట్వియా రాజధాని రీగాలో చదువుకుంటున్నాడు. అక్క పెళ్లికి బయల్దేరాడు.

రీగా నుంచి నేరుగా హైదరాబాద్‌కి విమానం లేదు. అందుకని ఒక బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో రీగా నుంచి మిలాన్‌కి 29 యూరోలకి ఒక టికెట్, మిలాన్ నుంచి గల్ఫ్ మీదుగా హైదరాబాద్‌కి రానుపోను ఇంకో టికెట్ విడివిడిగా కొన్నాడు. మధ్యలో ఆరున్నర గంటల సమయం ఉంది. అంత ఉంటే చాలనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. రీగాలో మంచు పడింది. రావాల్సిన విమానం ఆలస్యంగా వచ్చింది, రెక్కల మీద మంచు కరిగించడానికి ఇంకాస్త సేపు పట్టింది. నాలుగున్నర గంటలు లేటు. దిగింది మిలాన్ పేరుతో అమ్మే బెర్గమో ఎయిర్‌పోర్టులో. ఇంటి విమానం మాల్పెన్సాలో. రెండింటికీ మధ్య సుమారు 80 కిలోమీటర్ల రోడ్డు. బ్యాగు కోసం ఆగి, బస్సు పట్టుకుని వెళ్లేసరికి కౌంటర్ మూసేశారు.

పోయింది ఆ ఒక్క ప్రయాణమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. హైదరాబాద్ టికెట్‌లో మొదటి విమానం ఎక్కలేదు కాబట్టి రికార్డులో 'నో షో' (రాలేదు) అని పడింది. దాంతో అదే టికెట్‌లోని జనవరి తిరుగు ప్రయాణం కూడా రద్దయింది. మర్నాడు పొద్దున కొత్త టికెట్ లక్ష పైన పడింది, అదీ ఒకవైపుకే. ఊళ్లో నాన్న పెళ్లి ఖర్చుల మధ్య మళ్లీ అప్పు చేసి డబ్బు పంపారు. తలంబ్రాలకి అందలేదు. అప్పగింతలకి చేరాడు.

తొమ్మిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఇలా అర్ధరాత్రి వెళ్లి ఇంటికి తెచ్చుకున్న పిల్లల్లో ఇతను ఐదోవాడు. ఐదుగురిదీ ఒకటే తప్పు. ఒకే రోజు, రెండు వేర్వేరు టికెట్లు. డిసెంబర్ దగ్గరికొచ్చింది, సంక్రాంతికి టికెట్లు కొనేవాళ్లు కొంటున్నారు. అందుకే రాస్తున్నాను. పాస్‌పోర్టు మర్చిపోవద్దు, తొందరగా బయల్దేరండి లాంటివి చెప్పను. అవి మీకు తెలుసు.

అసలు తప్పు

పీఎన్ఆర్ ఒకటి కాకపోతే ప్రయాణం ఒకటి కాదు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాది మర్చిపోయినా ఫరవాలేదు.

మనకి రైళ్ల అలవాటు ఉంది. మన రైల్వేలో 2019 నుంచి రెండు పీఎన్ఆర్‌లు కలుపుకునే వీలుంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే డబ్బు వాపసు అడగొచ్చు. ఇక్కడా అలాంటిదేదో ఉంటుందని పిల్లలు అనుకుంటారు. లేదు. బడ్జెట్ ఎయిర్‌లైన్ మిమ్మల్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరుస్తుంది, అక్కడితో దాని పని అయిపోయింది. తర్వాత మీకు ఇంకో విమానం ఉందన్న సంగతి దానికి తెలీదు. ఆ రెండో ఎయిర్‌లైన్‌కి మీరు ఎందుకు రాలేదో అక్కర్లేదు. ఒకే టికెట్ మీద రెండు విమానాలుంటే, మొదటిది లేటైనప్పుడు తర్వాతి విమానంలో కూర్చోబెట్టడం వాళ్ల బాధ్యత. రెండు టికెట్లయితే మధ్యలో జరిగే ప్రతిదీ మీ నెత్తిన పడుతుంది.

"పరిహారం వస్తుందిగా" అంటారు. యూరప్ చట్టం ప్రకారం మూడు గంటలకి మించి ఆలస్యంగా చేరిస్తే, 1500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 250 యూరోలు, యూరప్ లోపల అంతకంటే దూరమైతే 400 యూరోలు ఇవ్వాలి. నిజమే. కానీ మంచు, పొగమంచు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సమ్మె కారణమైతే ఆ డబ్బు రాదు. తిండి, రాత్రి ఉండాల్సి వస్తే హోటల్ మాత్రం కారణం ఏదైనా ఇవ్వాల్సిందే, అడిగి తీసుకోండి. పరిహారం వచ్చినా రాకపోయినా అది మొదటి విమానం లెక్కే. మీరు పోగొట్టుకున్న హైదరాబాద్ టికెట్‌ని ఆ పరిహారం లెక్కలోకి తీసుకోరు.

ఆరు గంటల గ్యాప్ ఎందుకు సరిపోదంటే

ఈ కంపెనీల విమానం ఖాళీగా ఉండదు. దిగిన అరగంటలో మళ్లీ ఎగరాలి. ఒకే విమానం రోజుకి ఐదారు ఊళ్లు తిరుగుతుంది. పొద్దున ఒకచోట గంట ఆలస్యమైతే, సాయంత్రానికి ఆ ఆలస్యం మూడు గంటలై మీ ఊరికి వస్తుంది. ఎక్కడో పొగమంచు, మీ ఊళ్లో ఎండ. బోర్డు మీద మాత్రం 'డిలేడ్'.

చలికాలంలో మిలాన్ చుట్టూ ఉన్న పో నది మైదానం అంతా పొగమంచే. కొన్ని రోజులు పక్క వీధి కూడా కనపడదు. ఉత్తరాన మంచు సమస్య. అది చాలదన్నట్టు సమ్మెలు. 2025 జూలై 3, 4 తేదీల్లో ఫ్రాన్స్‌లో కంట్రోలర్లు సమ్మె చేస్తే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. ఫ్రాన్స్‌లో దిగాల్సినవే కాదు, దాని మీదుగా వెళ్లాల్సినవీ దెబ్బతిన్నాయి. ఇటలీలో సమ్మెల తేదీలు రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. సమ్మె రోజున కూడా పొద్దున 7 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 9 మధ్య విమానాలు నడపాలన్న నియమం ఉంది. తేదీ మార్చలేకపోతే ఆ గంటల్లో ఉన్నది చూసుకోండి.

రాత్రి ఆఖరి విమానం ఇంకో ప్రమాదం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా, బెర్లిన్‌లో అర్ధరాత్రి నుంచి 5 దాకా రాకపోకలు దాదాపు ఉండవు. ఆలస్యమైన విమానం ఆ గడువు దాటితే రద్దవుతుంది, లేదంటే వేరే ఊళ్లో దింపుతారు.

ఇక ఊరి పేర్లు. 'ఫ్రాంక్‌ఫర్ట్ హాన్' అంటే ఫ్రాంక్‌ఫర్ట్ కాదు, అక్కడికి సుమారు 120 కిలోమీటర్లు. 'పారిస్ బోవే' పారిస్‌కి 85 కిలోమీటర్ల దూరం. మ్యూనిక్ అనుకుని మెమ్మింగెన్‌లో దిగినవాళ్లకి ఇంకో 110 కిలోమీటర్లు మిగిలే ఉంటుంది. బార్సిలోనాకి జిరోనా, బ్రస్సెల్స్‌కి షార్లెరోయ్ కూడా ఇదే వరస. ఇల్లు చేరే టికెట్ మీద ఎయిర్‌పోర్టు మూడక్షరాల కోడ్ చూడండి, ఊరి పేరు కాదు.

తప్పదనుకుంటే ఏం చేయాలి

ముందు ఒకే టికెట్ మీద మీ ఊరి నుంచి హైదరాబాద్ లేదా విజయవాడ దాకా ధర చూడండి. పది, పదిహేను వేల రూపాయలు ఎక్కువ కనపడుతుంది. ఆ పదిహేను వేలు దండగ కాదు. దారిలో ఎక్కడ విమానం తప్పినా మిమ్మల్ని ఇంటికి చేర్చే పూచీ అది.

డబ్బు నిజంగా లేకపోతే, రెండు టికెట్లే కొనాల్సి వస్తే, ముందు రోజే ఆ ఊరికి చేరండి. రాత్రి నిద్ర ఆ ఊళ్లోనే. ముందు రోజు కూడా పొద్దున మొదటి విమానమే. అది రద్దయితే సాయంత్రం ఇంకోటి దొరుకుతుంది, లేదా బస్సో రైలో పట్టుకోవచ్చు. గది ఖర్చు ఇద్దరు ముగ్గురు పంచుకోండి. ఒకే రోజు మాత్రం వద్దు. ఎనిమిది గంటల గ్యాప్ ఉన్నా వద్దు.

కొన్ని బుకింగ్ సైట్లు రెండు టికెట్లని ఒకే ప్రయాణంలా చూపించి అమ్ముతాయి. ధర పక్కన చిన్న అక్షరాల్లో 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని ఉంటుంది, అంటే విమానం మారే బాధ్యత మీదే. ఆ మాట కనపడితే ఆ పేజీ మూసేయండి. వాళ్లమ్మే గ్యారంటీ ప్యాకేజీ కొన్నా, అర్ధరాత్రి కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు వాళ్ల ఫోన్ ఎవరూ ఎత్తరు.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునేవాళ్లు, విడి టికెట్ల మధ్య తప్పిన విమానానికి వర్తిస్తుందో లేదో పాలసీలో చదవండి. చాలావాటిలో వర్తించదు.

వీసా

రెండు టికెట్లయితే సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి, అందుకు ఎయిర్‌పోర్టు బయటికి రావాలి. బయటికి రావాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టే వీసానో అనుమతో ఉండాలి. ఒకే టికెట్ మీద లండన్‌లో లోపల్లోపలే మారడం వేరు. హీత్రోలో దిగి స్టాన్‌స్టెడ్ వెళ్లి ఇంకో విమానం ఎక్కడం వేరు. రెండోదానికి బ్రిటన్ వీసా అవసరమై, అది మీ దగ్గర లేకపోతే మొదటి విమానమే ఎక్కనివ్వరు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకో ఘోరం జరుగుతుంది. వాళ్లది సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల్లోకి ఒక్కసారే రానిచ్చేది. పాతిక యూరోలకే లండన్ టికెట్ ఉందని, బ్రిటన్ వీసా కూడా ఉంది కదా అని తీసుకెళ్తారు. షెంగెన్ దాటారంటే ఆ ఎంట్రీ అయిపోయింది, తిరిగి రానివ్వరు. ఐర్లండ్ కూడా షెంగెన్ కాదు. వాళ్ల వీసా మీద 'ఎంట్రీలు' అన్నచోట 1 ఉందా, మల్టిపుల్ ఉందా చూడకుండా షెంగెన్ బయటికి టికెట్ కొనకండి. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త ఎంట్రీ ఎగ్జిట్ పద్ధతిలో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లకి ఫోటో తీసుకుంటున్నారు, వీసాకి ఇచ్చిన వేలిముద్రలతో సరిచూస్తున్నారు. పాస్‌పోర్టు లైన్లు పొడుగయ్యాయి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు సెక్యూరిటీ అయిపోయింది కదా అని కాఫీకి కూర్చోకండి. ముందు ఆ లైన్ దాటండి.

మిగతావి

ఆన్‌లైన్ చెక్ ఇన్ ఇంట్లోనే చేయండి. బడ్జెట్ ఎయిర్‌లైన్లలో ర్యాన్ఎయిర్‌లో బయల్దేరడానికి రెండు గంటల ముందు, విజ్ ఎయిర్‌లో మూడు గంటల ముందు అది ఆగిపోతుంది. తర్వాత ఎయిర్‌పోర్టులో చేయించుకుంటే ర్యాన్ఎయిర్ మనిషికి 55 యూరోల దాకా తీసుకుంటుంది. నలుగురి కుటుంబం అయితే లెక్కేసుకోండి.

2025 నవంబరు 12 నుంచి ర్యాన్ఎయిర్‌లో బోర్డింగ్ పాస్ ఫోన్‌లోనే. ఛార్జింగ్ పెట్టుకోండి. పవర్ బ్యాంక్ కేబిన్‌లోనే, చెక్ ఇన్ బ్యాగులో వద్దు.

యూరప్ పాస్‌పోర్టు లేనివాళ్లం మనం. సెక్యూరిటీకి వెళ్లేముందే కౌంటర్ దగ్గర ఆగి, డాక్యుమెంట్ చెక్ (పాస్‌పోర్టు, వీసా చూడటం) కావాలా అని అడగండి. గేటు దాకా వెళ్లాక వెనక్కి పంపితే మళ్లీ రాలేరు.

పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంటే అలాగే. ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అని మనవాళ్లు తారుమారు చేస్తారు. సర్‌నేమ్ గడిలో ఏముందో అదే సర్‌నేమ్. తర్వాత పేరు మార్చాలంటే కొన్నిచోట్ల వంద యూరోలు దాటుతుంది, టికెట్ కంటే ఎక్కువ.

బ్యాగు కొలవండి. ర్యాన్ఎయిర్, విజ్ ఉచితంగా ఇచ్చేది 40, 30, 20 సెంటీమీటర్లు. ఈజీజెట్‌లో 45, 36, 20. చక్రాలు, హ్యాండిల్ కూడా లెక్కలోకి వస్తాయి. గేటు దగ్గర బతిమాలకండి. కొలత మించిన బ్యాగుని పట్టిచ్చే సిబ్బందికి ర్యాన్ఎయిర్ ఒక్కో బ్యాగుకి 2.50 యూరోలు ఇస్తుంది.

ఇంటి నుంచి వచ్చేటప్పుడు పెద్ద ఎయిర్‌లైన్‌లో 46 కిలోలు తెచ్చి, ఇక్కడ 20 కిలోల బడ్జెట్ టికెట్ పెట్టుకోకండి. అదనపు కిలోకి పది యూరోల పైనే. అమ్మ పెట్టిన బియ్యప్పిండి కౌంటర్ దగ్గర చెత్తబుట్టలో పడేస్తూ ఏడ్చిన అమ్మాయిని చూశాను.

ఆవకాయ కేబిన్ బ్యాగులో వద్దు. చాలాచోట్ల వంద మిల్లీలీటర్ల నియమం దానికీ వర్తిస్తుంది.

విమానం బయల్దేరే సమయానికి 20, 30 నిమిషాల ముందే గేటు మూస్తారు. టికెట్ మీద ఉన్నది విమానం కదిలే సమయం, మీరు వెళ్లే సమయం కాదు.

ఎయిర్‌లైన్ సొంత యాప్‌లోనే కొనండి. మధ్యవర్తి సైట్లో కొంటే ఆలస్యం కబురు మీ ఫోన్‌కి రాకపోవచ్చు.

పెళ్లి, పరీక్ష, వీసా గడువు ఉన్న వారంలో రెండు టికెట్లు వద్దు. పీఎన్ఆర్ ఒకటి కాకపోతే ప్రయాణం ఒకటి కాదు.

తిరుగు టికెట్ కూడా అదే పీఎన్ఆర్ మీద ఉంటే ఇంకా జాగ్రత్త. మొదటిది ఎక్కకపోతే రెండోదీ పోతుంది.

ఇప్పటికే రెండు టికెట్లు కొనేశారా? ఈరోజే మొదటిదాన్ని ఒకరోజు ముందటి తేదీకి మార్చుకోండి. రుసుము కట్టండి. రెండోదాన్ని ముట్టుకోకండి.

దారిలో ఉండగా ఆలస్యం తెలిసిందా? ఇంటి విమానం ఎయిర్‌లైన్‌కి అప్పుడే, ఆ గేటు దగ్గరి నుంచే ఫోన్ చేయండి. అందుకోలేను, తేదీ మార్చండి అని అడగండి. వాళ్ల కౌంటర్ మూసేలోపు మారిస్తే చాలా టికెట్లకి మార్పు రుసుముతో పోతుంది, నో షో పడదు. "ఎలాగోలా అందుకుంటానులే" అని ఊరుకోకండి. ఆ అబ్బాయి రీగాలో నాలుగున్నర గంటలు బోర్డు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు ఆ ఒక్క ఫోన్ చేసుంటే, జనవరి తిరుగు టికెట్ అయినా మిగిలి ఉండేది.