తెగిన నరం ముక్కలవడాన్ని డ్రోసోఫిలాలో చూడడం ఎలా

నరం తెగితే, కణదేహం నుంచి విడిపోయిన ముక్క పోషణ అందక దానంతటదే ఎండిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. అగస్టస్ వాలర్ 1850లో కప్ప నాలుక నరాలు కోసి ఈ శిథిలతను వర్ణించాడు. 1989లో ఒక చిట్టెలుకల రకంలో తెగిన నరం రెండు మూడు వారాలు చెక్కుచెదరకుండా ఉండడం బయటపడింది. తేడా అంతా ఒక్క జన్యువులో ఉంది. అంటే, నరకణం నుంచి సాగే పొడవాటి తీగ అయిన ఆక్సాన్‌ను కూల్చే ఏర్పాటు దాని లోపలే ఉందన్నమాట. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు, ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచే బీవోడీ ఇంక్యుబేటర్ ఉన్న గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా దీన్ని డ్రోసోఫిలా అనే చిన్న పండ్ల ఈగల్లో చూపించవచ్చు.

ముందు జరిగేది అర్థం చేసుకోవాలి. చిట్టెలుకలో, మనిషిలో ఎన్‌ఎమ్‌నాట్2 అనే ఎంజైము కణదేహంలో తయారై ఆక్సాన్‌లోకి వెళుతుంది. దాని ఆయుష్షు కొన్ని గంటలే. ఎన్‌ఎమ్‌ఎన్‌ను ఎన్‌ఏడీగా మార్చడం దాని పని. కణం శక్తి తయారుచేసుకోవడానికి ఎన్‌ఏడీ కావాలి, ఎన్‌ఎమ్‌ఎన్ దాని ముడిసరుకు. నరం తెగితే సరఫరా ఆగి ఎన్‌ఎమ్‌ఎన్ పేరుకుంటుంది, ఎన్‌ఏడీ తగ్గుతుంది. దాంతో అప్పటిదాకా అణిగి ఉన్న శార్మ్1 అనే ఎంజైము మేలుకుని మిగిలిన ఎన్‌ఏడీని కూడా తినేస్తుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ పడిపోతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, ప్రోటీన్లను కోసే కాల్పెయిన్లు ఆక్సాన్ అస్థిపంజరాన్ని తెగ్గొడతాయి. తెగిన నరం చెక్కుచెదరని ఆ రకం చిట్టెలుకలోని వాల్డ్-ఎస్ ప్రోటీను త్వరగా అరిగిపోదు. ఎన్‌ఎమ్‌నాట్ పనిని అదే కొనసాగిస్తుంది కాబట్టి శార్మ్1 మేలుకోదు.

మూడు రకాల ఈగలు కావాలి. అన్నింట్లోనూ ఓఆర్22ఏ-గాల్4, యూఏఎస్-ఎమ్‌సీడీ8-జీఎఫ్‌పీ ఉండాలి. ఓఆర్22ఏ-గాల్4 వాసన పట్టే కొన్ని నరకణాల్లో మాత్రమే పనిచేసే స్విచ్చు, యూఏఎస్ తగిలించిన జన్యువును అది అక్కడ నడిపిస్తుంది. జీఎఫ్‌పీ ఆ కణాలను పచ్చగా మెరిపిస్తుంది. మొదటిది పోల్చి చూడడానికి మామూలు కంట్రోల్, రెండోదానిలో యూఏఎస్-వాల్డ్-ఎస్, మూడోది రెండు ప్రతుల్లోనూ డ్రేపర్ అనే జన్యువు లోపించినది. డ్రేపర్ ప్రోటీను నరకణాలకు తోడుగా ఉండే గ్లియా కణాల్లో ఉంటుంది, శిథిలాలను మింగడానికి అది కావాలి. ఈ మూడో రకాన్ని క్రాసులతో కూర్చడానికి కొన్ని తరాలు పడుతుంది, కాబట్టి నెలన్నర ముందే మొదలుపెట్టండి. ఇవి జన్యుమార్పిడి ఈగలు. తెప్పించే ముందే కాలేజీ బయోసేఫ్టీ కమిటీ అనుమతి తీసుకోండి.

లీటరు మేతకు మొక్కజొన్న పిండి 80 గ్రాములు, పంచదార 60, ఈస్ట్ 15, అగర్ 8. ఉడికించి, 60 డిగ్రీల కిందికి చల్లారాక 4 మిల్లీలీటర్ల ప్రొపియానిక్ ఆమ్లం, ఆల్కహాల్‌లో కరిగించిన 1 గ్రాము నిపాజిన్ కలపండి. వానాకాలంలో బూజు పట్టేది ఎక్కువగా ఈ రెండూ తగ్గిన చోటే.

ఇంక్యుబేటర్ 25 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మన దగ్గర గది 40 దాటుతుంది. 30 దాటితే మగ ఈగలు వంధ్యమైపోతాయి, క్రాసులు ఖాళీగా మిగులుతాయి. కరెంటు పోయినప్పుడు సీసాలను ఐస్ ప్యాకులున్న థర్మోకోల్ పెట్టెలోకి మార్చండి. ఐస్ సీసాలకు తగలకుండా మధ్యలో మడతపెట్టిన గుడ్డ వేయండి. వేడిలో శిథిలత కూడా తొందరపడుతుంది. అందుకే మూడు రకాలనూ ఒకే ట్రేలో పెట్టాలి.

కోత విషయంలో తొందరపడొద్దు. 5 నుంచి 7 రోజుల వయసు ఈగకు కార్బన్ డయాక్సైడ్‌తో మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టండి. యాంటెన్నాకు మూడు భాగాలుంటాయి. చివర గింజలా ఉబ్బిన మూడోదాన్నే 5 నంబరు ఫోర్సెప్స్‌తో పట్టి, లాగకుండా మెల్లగా తిప్పి తీయాలి. కణదేహాలు ఆ గింజలోనే ఉంటాయి. అది పోతే లోపల ఆక్సాన్లు మాత్రమే మిగులుతాయి. రెండో భాగం కూడా ఊడి వస్తే ద్రవం కారి ఈగ చచ్చిపోతుంది, అలాంటివాటిని లెక్కలోకి తీసుకోకండి. రెండు యాంటెన్నాలూ తీయాల్సిందే. ఒక్కదాని ఆక్సాన్లే మెదడు రెండు వైపులకూ పోతాయి కాబట్టి, ఒకటే తీస్తే రెండు పక్కలా మెరుపు మిగిలి ఫలితం తారుమారవుతుంది. కోత లేని ఈగలను ప్రతి రకంలోనూ పక్కన ఉంచండి.

కోత తరువాత 1, 3, 5 రోజులకు పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం)లో మెదడు తీసి, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ఉంచండి. గ్లౌజులు వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లో చేయాలి. తరువాత 0.3 శాతం ట్రైటాన్ అనే డిటర్జెంట్ కలిపిన పీబీఎస్‌తో 15 నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి మౌంట్ చేయండి.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఈ ఆక్సాన్లు చేరే డీఎమ్2 గ్లోమెరులస్ (మెదడులోని చిన్న గుండ్రటి ముడి) ఇంకా పచ్చగా మెరుస్తోందంటే ఆక్సాన్ బతికి ఉందని వెంటనే రాసేయకండి. మెదడు రెండు వైపుల వాసన లోబులను కలిపే తంతువును 40ఎక్స్‌లో చూడండి. వాల్డ్-ఎస్ ఉన్న మెదడులో 5వ రోజున కూడా అది సాగదీసిన దారంలా ఎడతెగకుండా కనిపిస్తుంది. డ్రేపర్ లేని మెదడులోనూ మెరుపు ఉంటుంది గానీ ఆ దారం పూసలు తెగిన దండలా చుక్కచుక్కలుగా ఉంటుంది. వాల్డ్-ఎస్ చావుకు అడ్డుపడింది. డ్రేపర్ లేనిదాంట్లో చావు జరిగిపోయింది, శవం మాత్రం ఎత్తలేదు. మామూలు ఈగలో 1వ రోజుకే ముక్కలై, 5వ రోజుకు చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది.

రకానికి 10 మెదళ్లయినా చూడండి. స్లైడ్ల మీద కోడ్ నంబర్లు మరొకరితో రాయించి, ఏ రకమో తెలియకుండానే మార్కులు వేయండి. మిగిలిన ఈగలను ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచి చంపిన తరువాతే సీసాలు బయటికి పంపాలి.