చేపలోని పాదరసాన్ని లెక్కకట్టే ముందు చెరువులోని పోషకాలను కొలవడం ఎలా

విశాఖపట్నం పరిసరాల్లోని జలాశయాల చేపల్లో పాదరసం ఎంత ఉందో తెలుసుకోవాలనుకునే విద్యార్థి, చేపను కోయడానికి ముందే ఆ నీటిలోని భాస్వరాన్ని, నత్రజనిని కొలవాలి. మిథైల్ పాదరసం (జీవుల శరీరంలో పేరుకునే విషపూరిత పాదరస రూపం) నీటి నుంచి ఆహారపు గొలుసులోకి ప్రధానంగా అడుగుపెట్టే చోటు కంటికి కనిపించని శైవల (నాచు) కణం. నీటిలో ఉన్నదాని కంటే వేల రెట్లు, ఒక్కోసారి లక్షల రెట్లు గాఢత ఆ కణంలోనే పేరుకుంటుంది. ఆ తరువాత జంతు ప్లవకాలు (నీటిలో తేలియాడే అతిచిన్న జంతువులు), చిన్న చేపలు, కొర్రమీను వంటి వేటచేపలు ఒక్కొక్క మెట్టూ దానిని మరింత పెంచుకుంటూ పోతాయి. ఎరువులతో, మురుగుతో శైవలాలు విపరీతంగా పెరిగినప్పుడు అంతే పాదరసం ఎక్కువ కణాల మధ్య పంపకమై, ఒక్కో కణం వాటా తగ్గుతుంది. 2002లో ప్రచురితమైన ఒక అమెరికా ప్రయోగంలో, శైవలాలు దట్టంగా పెరిగిన తొట్లలోని డాఫ్నియాలు (నీటి ఈగలనే జంతు ప్లవకాలు) మిథైల్ పాదరసాన్ని రెండు మూడు రెట్లు తక్కువగా గ్రహించాయి.

కాబట్టి ఒకే నీటిని చూసి తీర్పు చెప్పడం సాధ్యం కాదు, కనీసం రెండింటిని పోల్చాలి. కొండల దగ్గరి ముడసర్లోవ జలాశయాన్ని, అనకాపల్లి వైపు పొలాల నడుమ ఉన్న కొండకర్ల ఆవను జతగా తీసుకోవచ్చు. సంబంధిత అధికారుల అనుమతి ముందే తీసుకోవాలి. ఏ నీటిలో పోషకాలు ఎక్కువో కొలతే చెప్పాలి గాని మన ఊహ చెప్పకూడదు.

నలుపు తెలుపు భాగాలున్న 20 సెంటీమీటర్ల సెక్కీ పళ్లెం ఎంత లోతున కనుమరుగవుతుందో చూడటం తేలికైన మొదటి పరీక్ష. 1977లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్‌సన్ రూపొందించిన సూచిక ప్రకారం ఆ లోతు 2 మీటర్ల కంటే తక్కువైనా, లీటరు నీటిలో మొత్తం భాస్వరం 24 మైక్రోగ్రాములు దాటినా ఆ నీటిని పోషకాలు మితిమీరినదిగా పరిగణిస్తారు. అయితే వానాకాలంలో కొట్టుకొచ్చిన ఎర్రమట్టి కూడా పళ్లేన్ని దాచేస్తుంది కనుక, మన ప్రాంతంలో శైవలాల మోతాదును తెలిపే క్లోరోఫిల్ కొలవకుండా ఈ పరీక్షను నమ్మడం నాకు సమ్మతం కాదు. భాస్వరం నమూనా సీసాలను డిటర్జెంటుతో కాక పలుచని ఆమ్లంతో కడగాలి, ఎందుకంటే డిటర్జెంటులోనే ఫాస్ఫేటు ఉండవచ్చు.

ఇక్కడి నుంచి పని సున్నితమైనది. రెండు నీళ్లలోనూ ఒకే జాతి చేపలను, దాదాపు ఒకే పొడవున్నవాటిని ఎంచుకొని, వెన్ను రెక్క కింది కండను తీసుకోవాలి. వయసు ముదిరిన కొద్దీ పాదరసం పెరుగుతుంది, తిండి సమృద్ధిగా దొరికి వేగంగా పెరిగిన చేపలో అది పలుచబడుతుంది, కాబట్టి పొడవు, బరువు, వీలైతే వయసు తప్పక నమోదు చేయాలి. ఆహారపు మెట్టును నిర్ణయించడానికి నత్రజని-15 ఐసోటోపు (నత్రజనిలోని కాస్త బరువైన రకం) ఉపయోగపడుతుంది. ఒక్కో మెట్టుకు అది వెయ్యికి సుమారు 3.4 వంతులు పెరుగుతుంది. ఇక్కడొక పెద్ద చిక్కుంది: మురుగు చేరిన నీటిలో ఈ విలువ అడుగు మెట్టు నుంచే ఎక్కువగా ఉంటుంది. అందుకే అదే నీటిలో శైవలాలను తినే నత్తను రెండో మెట్టుగా పెట్టుకొని లెక్కించాలి. ఉదాహరణకు నత్త విలువ 6, కొర్రమీను విలువ 12.8 అయితే తేడా 6.8, అంటే రెండు మెట్లు. కొర్రమీను నాలుగో మెట్టున ఉన్నట్టు.

తరువాత పాదరసం గాఢతకు 10 ఆధారంగా తీసిన సంవర్గమానాన్ని (లాగరిథమ్) మెట్లకు ఎదురుగా గీతగా గీయాలి. వాలు 0.5 అయితే ఒక్కో మెట్టుకు పాదరసం సుమారు 3.2 రెట్లు పెరుగుతున్నట్టు. వాలుతో పాటు గీత ఎక్కడ మొదలైందో కూడా చూడాలి, ఎందుకంటే శైవలాలు పంచుకున్న ప్రభావం ముందుగా అడుగు మెట్టులోనే కనిపిస్తుంది.

పచ్చని నీటి చేపలో పాదరసం తక్కువగా తేలినంత మాత్రాన కాలుష్యం ఆగిందని రాయకూడదు. చనిపోయిన శైవలాలు అడుగున కుళ్లి ప్రాణవాయువును హరిస్తే, సల్ఫేటును క్షయకరించే బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ రూపంలోకి మార్చడానికి అనువైన పరిస్థితి ఏర్పడుతుంది. అందువల్ల అడుగునీటిలో కరిగిన ప్రాణవాయువును తెల్లవారుజామున కొలిచి, శైవలాలు విరగబూసినప్పుడు ఒకసారి, అవి చచ్చి పడిన కొన్ని వారాల తరువాత మరొకసారి నమూనాలు తీయాలి.