ఫ్రాన్స్ పోస్ట్ పద్ధతిలో ఉష్ణమండల దృశ్యం గీయడం ఎలా?

ఉష్ణమండలం అనగానే చిలకపచ్చ కొబ్బరాకులు, నారింజరంగు సూర్యాస్తమయం వేసేస్తారు. చూసి చూసి విసుగొచ్చింది. నెదర్లాండ్స్‌లోని హార్లెంలో 1612లో పుట్టిన డచ్చి చిత్రకారుడు ఫ్రాన్స్ పోస్ట్ 1637 నుంచి 1644 దాకా డచ్చివారి ఏలుబడిలోని బ్రెజిల్‌లో ఉండి ఆ నేలను గీశాడు. 1637 నాటి ఆయన ఇటమరకా దీవి చిత్రం చూడండి, ఎక్కడా కళ్లు జిగేలుమనవు.

కాన్వాసు, అవిసె నూనె, నాలుగు రంగులు: తెలుపు, అల్ట్రామెరీన్ నీలం, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమరంగు). నలుపు కొనకండి. ట్యూబులో వచ్చే ఆకుపచ్చ అసలే వద్దు. అంబర్ పలుచగా పూసి ఆరనివ్వండి. దిగంతరేఖ కింది మూడో వంతు దాటకూడదు. ఆకాశం కిందికి దిగేకొద్దీ తెలుపు పెంచండి.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. అందరూ చెడగొట్టేది నదికి అవతల కనిపించే దూరపు నేల దగ్గర. దానికి కొత్తగా రంగు కలపకండి. ఆకాశానికి కలిపినది రంగులు కలిపే పలకమీద మిగిలి ఉండగానే అందులో చిటికెడు ఓకర్, అంతకన్నా తక్కువ అంబర్ వేసి పూయండి. నాలుగడుగులు వెనక్కి వెళ్లి కళ్లు సగం మూసి చూడండి. అవతలి ఒడ్డు కొట్టొచ్చినట్టు కనిపిస్తే ముదురైనట్టే. మొహమాటపడకుండా గుడ్డతో తుడిచేసి మళ్లీ వేయండి.

తర్వాత ఆగాలి, కనీసం మూడు రోజులు. ఒకసారి ఆగలేక అదే సాయంత్రం ముందు ఒడ్డున బ్రహ్మజెముడు వేశాను. కుంచె జారి ముదురు రంగు తడి నదిలోకి పాకింది. తుడిచేకొద్దీ నీళ్లు రాగి అంబలిలా తయారయ్యాయి.

ఆరాక ముందుభాగాన్ని ముదురుగా, ఆకు ఆకూ తెలిసేలా వేయండి. పోస్ట్ హార్లెంకు తిరిగొచ్చి కొనేవారి కోసం గీసిన చిత్రాల్లో ముందుభాగం మొక్కలతో, జంతువులతో కిక్కిరిసి ఉంటుంది. జనం వాటినే మెచ్చుకుంటారు, నాకు నచ్చవు. 1639 నాటి సావో ఫ్రాన్సిస్కో నది చిత్రంలో ఒడ్డున ఒక పెద్ద కాక్టస్, పక్కన ఒక కాపిబారా (ఎలుక జాతికి చెందిన పెద్ద జంతువు). అంతే, నది ఎంత వెడల్పో తెలిసిపోతుంది. మీకూ ఒక్క జంతువు చాలు. చక్కెర మిల్లు పెట్టదలిస్తే మాత్రం అందులో చాకిరీ చేసిన ఆఫ్రికన్ బానిసలను వదిలేయకండి.

వార్నిష్ ఆరు నెలల తర్వాతే. దుమ్ము పడుతుందని చిత్రాన్ని గోడవైపు తిప్పి పెట్టకండి. వెలుతురు తగలకపోతే అవిసె నూనె పసుపెక్కి, మీరు అంత కష్టపడి వేసిన దూరపు ఒడ్డే అన్నిటికన్నా ముందు పాడవుతుంది.